వేడి మీద తీసిన గాలి

రాసుకుంటున్నావా తల్లీ? పెన్ను సరిగ్గా పడుతుందో లేదో ముందు చూసుకో. నేను మధ్యలో ఏడిస్తే నా వంక చూడకు, రాసుకుంటూ పో.

ఇది మీ అమ్మ తొలి కాన్పు సంగతి. నువ్వు పుట్టడానికి నాలుగేళ్ళ ముందు నీకొక అక్క పుట్టింది. రెండు రోజులుంది, పోయింది. అది నా వల్ల పోయింది. మీ తాతయ్య వల్ల పోయిందని పదేళ్ళ పైన అందరూ అనుకున్నారు. అనుకుంటుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నా మాటల ధోరణిలో ఎక్కడికో వెళ్ళిపోయి దాన్ని దాటేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మీ తాతయ్యకి తెనాలిలో అద్దె కారు ఉండేది. అద్దె కారంటే మనం అద్దెకి తెచ్చుకున్నది కాదు, మన కారే, అద్దెకి తిప్పేవారు. తెల్ల అంబాసిడర్. పెళ్ళిళ్ళకి, ఆస్పత్రులకి, చావులకి, అన్నిటికీ అదే. నందివెలుగు నుంచి కూడా మనుషులొచ్చి ఆయన కారే కావాలని కూర్చునేవాళ్ళు. ఎందుకంటావా, ఆ కారు దారిలో ఆగిందన్న మాట ఎవరూ వినలేదు.

స్టాండులో మిగతా డ్రైవర్లు టైరుని కాలితో తన్ని చూసి గాలి ఉందనేవాళ్ళు. ఈయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఇంకో పెన్నులాంటిది ఉండేది. అది గాలి చూసే గేజి. టైరు వాల్వు మీద పెట్టి నొక్కితే వెనక నుంచి సన్నటి తెల్ల పుల్ల బయటికొస్తుంది, దాని మీద అంకెలుంటాయి. నేను కళ్ళాపి చల్లే వేళకి ఆయన గొంతుక్కూర్చుని నాలుగు చక్రాలకీ, డిక్కీలో ఉన్న స్టెప్నీకీ చూసుకునేవారు. ముందు ఇరవై నాలుగు, వెనక ముప్పై. మనుషులు ఎక్కువుంటే వెనక ఇంకో రెండో మూడో పట్టించేవారు.

"పొద్దున్నే ఎందుకండీ ఈ పూజ? స్టాండుకెళ్ళాక చూసుకోవచ్చుగా" అనేదాన్ని.

"చల్లగా ఉన్నప్పుడే చూడాలే. నడిచొచ్చిన టైరు వేడెక్కి ఎక్కువ చూపిస్తది. అది చూసి గాలి తీశావో, అయిపోయినట్టే."

విన్నాను. చెవుల్తో విన్నాను. తల్లీ, ఆయన నాకు ఆ మాట ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు చెప్పారు.

స్టాండులో వాళ్ళు ఆయన్ని ఏడిపించేవాళ్ళు. "ఏంటి బావా, ఇవాళ నీ కారుకి జ్వరం ఎంతుంది?" అనేవాడొకడు. "నీ కారుకైతే జ్వరం చూడక్కర్లా, శవపరీక్షే" అనేవారీయన. ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వేవారు. అప్పట్లో బాగా నవ్వేవారు.

ఇప్పుడు బాపట్ల సంగతి చెప్పాలి. లేకపోతే నేనెందుకలా చేశానో నీకు అర్థం కాదు. మీ అమ్మ పెళ్ళికి ముందు ఒక కార్తీకంలో సముద్ర స్నానానికని సూర్యలంక వెళ్ళాం. అప్పుడు ఆఖర్లో రోడ్డు సరిగ్గా ఉండేది కాదు, ఇసక. మీ తాతయ్య కారాపి, దిగి, నాలుగు టైర్లలోనూ గాలి తీశారు. అగ్గిపుల్లతో వాల్వు నొక్కితే బుస్సుమని వస్తుంది. టైర్లు కిందికి పొట్టలేసుకున్నట్టు అయ్యాయి. నేను బెంబేలెత్తిపోయాను. "ఇసకలో ఇట్టాగే పోవాలి, లేకపోతే కూరుకుపోద్ది" అన్నారు. నిజమే, కారు ఇసక మీద కూరుకోకుండా పోయింది. ఎంత మెత్తగా పోయిందనుకున్నావు! ఉయ్యాల్లో కూర్చున్నట్టుంది.

"రోజూ ఇలాగే పెట్టుకోవచ్చుగా? నడుములు విరగ్గొడుతున్నారు జనానికి" అన్నాను.

"ఇట్టా పెట్టి తారురోడ్డు మీద పరిగెత్తిస్తే టైరు ఉడికిపోద్దే."

"ఉడికితే కూర చేస్తాను లెండి" అన్నాను. మీ అమ్మ పకపకా నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన బాపట్ల ఊళ్ళోకి నత్తలా నడిపించుకొచ్చి, పంక్చర్ షాపు దగ్గర మళ్ళీ గాలి పట్టించారు. నేను ఆ పాటికే వెనక సీట్లో నిద్రపోయాను. గాలి తీయడం చూశాను, మెత్తదనం చూశాను. మళ్ళీ పట్టించడం చూడలేదు. సగమే నేర్చుకున్నాను.

మీ అమ్మని రేపల్లె ఇచ్చాం. మీ నాన్న అక్కడ హైస్కూల్లో టీచరు. పెళ్ళైన ఏడాదికే నెల తప్పింది. మనలో పురిటికి తీసుకురావడం ఏడో నెలలో గానీ తొమ్మిదో నెలలో గానీ. ఎనిమిదో నెలలో ఆడపిల్లని పొలిమేర దాటించకూడదు. నాకు తొమ్మిదో నెలదాకా ఆగే ఓపిక లేదు. అక్కడ అది సరిగ్గా తింటుందో లేదోనని బెంగ. పంతులుగారిని పిలిపించి రోజు పెట్టమంటే, ఏడో నెల వెళ్ళేలోపు ఒక్క గురువారమే బాగుందన్నారు. అదీ మధ్యాహ్నం పన్నెండున్నర దాకా వర్జ్యం. ఆ తర్వాత బయల్దేరి, మూడింటికి దుర్ముహూర్తం వచ్చేలోపు ఇల్లు చేరాలి. రోహిణి కార్తె తల్లీ! రోళ్ళు పగిలే ఎండ.

మా వియ్యపురాలు మంచిదే. ముందే అంది, "వదినగారూ, సాయంత్రం రైలుంది కదా, చల్లబడ్డాక దాన్లో తీసుకెళ్ళండి. ఆ రోడ్డంతా గోతులు" అని. నేను ఒప్పుకోలేదు. "సొంత కారు పెట్టుకుని కూతుర్ని రైల్లో తీసుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారండీ" అన్నాను. ఆ నలుగురూ ఎవరో నాకిప్పటికీ తెలియదు.

పొద్దున చల్లవేళ మీ తాతయ్య గాలి చూసుకున్నారు. వెనక ముప్పై రెండు పెట్టారు, వచ్చేటప్పుడు మనుషులు పెరుగుతారని. చలిమిడి బిందె, అరిసెలు, పళ్ళు, గాజులు, అన్నీ సర్దుకుని పది గంటలకల్లా రేపల్లె చేరాం. దారి పొడుగునా ప్రతి గోతికీ నా ప్రాణం ఎగిరిపడింది. తిరిగొచ్చేటప్పుడు ఇదే గోతికి కడుపుతో ఉన్న పిల్ల ఎగిరిపడితే? ఒకటే ఆలోచన. చెరుకుపల్లి దగ్గర ఒక గోతిలో పడితే నా తల కారు పైకప్పుకి తగిలింది. అప్పుడే సూర్యలంక గుర్తొచ్చింది.

గాజులు తొడిగారు, చలిమిడి పెట్టారు, భోజనాలయ్యాయి. లోపల మీ అమ్మకి ఒడి నింపుతున్నారు. వర్జ్యం వెళ్ళబోతోంది. నేను సామాను చూసుకుందామని వీధిలోకొస్తే మీ తాతయ్య అలవాటు కొద్దీ వెనక టైరుకి గేజి పెట్టి చూస్తున్నారు. కారుమీద పొద్దున్నుంచీ ఎండే. ఆయన చేతిలో గేజి నేను లాక్కుని చూశాను. నేను ఎనిమిదో క్లాసు చదివాను, అంకెలు రాని దాన్ని కాదు. ముప్పై ఆరు!

"ఇదేంటండీ, ముప్పై ఆరుంది! వెనక ముప్పై అని మీరే కదా చెబుతారు?"

"ఎండలో ఉంది కదే. పొద్దున ముప్పై రెండే పెట్టా. చల్లబడితే మళ్ళీ అదే దిగుద్ది. కదిలించకూడదు."

"రాయిలా ఉంది టైరు. అందుకే అంత ఎత్తేసింది దారిలో. తీసేయండి కొంచెం."

"వద్దు. ఇప్పుడు మనుషులు ఎక్కువయ్యారు, ఎండ ఎక్కువుంది. ఇప్పుడు తీస్తే టైరు నలిగి నలిగి ఇంకా వేడెక్కుద్ది. నా మాటిను."

"సూర్యలంకలో తీయలా? అప్పుడేమైంది?"

"అది ఇసకే! ఆ మాత్రం తెలవదా నీకు?"

ఆ "తెలవదా" అన్న మాటకి నాకు రోషం వచ్చింది. గొంతు పెంచాను. ఎందుకు పెంచానంటే, వియ్యాలవారి వాకిట్లో నా గొంతు లోపలికి వినపడటం ఆయనకి చచ్చేంత సిగ్గని నాకు తెలుసు. తెలిసే పెంచాను. "మీకు కూతురి కడుపు కంటే మీ టైర్లు ఎక్కువైనాయా? అది అరిగిపోతుందని భయమా?" అన్నాను.

ఆయన ఒకసారి గుమ్మం వైపు చూశారు. "మెల్లగా. వింటారు" అన్నారు.

"విననివ్వండి."

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల తీసి, వాల్వు మీద పెట్టారు. నేను పక్కన నిలబడి కాలి బొటనవేలితో టైరుని నొక్కి చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాను. నాలుగు చక్రాలకీ అన్నాను. నాకు మెత్తగా తగిలిందాకా తీయించాను. చివర్లో ఆయన గేజి కూడా పెట్టి చూడలేదు. పుల్ల పారేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళారు.

ఈ మాటలు ఇంకెవరూ వినలేదు తల్లీ. లోపల మంగళహారతి పాడుతున్నారు.

సెలవులైనా మీ నాన్నకి స్కూల్లో పనుంది, మర్నాడు వస్తానన్నారు. వెనక సీట్లో నేను, మీ అమ్మ, తోడుగా వాళ్ళ తరఫు ముత్తైదువులిద్దరు. డిక్కీ నిండా, ముందు సీటు నిండా సారె. బయల్దేరాం. నిజంగానే మెత్తగా ఉంది కారు. రేపల్లె దాటీ దాటకముందే మీ అమ్మ, "ఇవాళ కారు భలే ఉంది నాన్నా, గోతులే తెలియట్లా" అంది. నేను, చూశారా అన్నట్టు అద్దంలో ఆయన మొహంలోకి చూశాను.

ఆయన బాగా నెమ్మదిగా నడుపుతున్నారు. నాకు దుర్ముహూర్తం బెంగ. "ఎడ్లబండిలా ఏంటండీ ఇది, కాస్త తోలండి" అన్నాను. ఆయన తోల్లేదు. మళ్ళీ అన్నాను. ముత్తైదువుల్లో పెద్దావిడ కూడా, "అవునన్నయ్యగారూ, పిల్ల ఉడికిపోతోంది లోపల" అంది. అప్పుడు తోలారు. చెరుకుపల్లి దాటాక ఏదో రబ్బరు కాలుతున్న వాసన. ఆయన, "ఆపి ఒకసారి చూస్తా" అన్నారు. చుట్టూ ఒక్క చెట్టు నీడ లేదు. "పిల్లని ఈ ఎండలో నిలబెడతారా? అమృతలూరు దగ్గరికొచ్చాక చూసుకోండి" అన్నాను.

అమృతలూరు రాలేదు. వెనక ఎడమ టైరు పేలింది. మీ అమ్మ కూర్చున్న వైపు.

చప్పుడు ఎలా ఉందో చెప్పమనకు. కారు పక్కకి లాక్కుపోయింది. ఆయన స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నారు గనక కాలవలో పడలేదు, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పకి కొట్టుకుని ఆగింది. ఎవరికీ రక్తం రాలేదు. మీ అమ్మ కడుపు వెళ్ళి ముందు సీటుకి తగిలింది. ఏడవలేదు, అరవలేదు. "అమ్మా" అంది, అంతే, నా చెయ్యి పట్టుకుంది.

మీ తాతయ్య జాకీ పెట్టి చక్రం విప్పారు. టైరు కాలిపోతోంది. తువ్వాలు అడ్డం పెట్టుకున్నా అరచేతులు బొబ్బలెక్కాయి. పొలంలోంచి ఒకాయన బిందెతో నీళ్ళు తెచ్చి ఇస్తే, కొన్ని మీ అమ్మ మొహం మీద చల్లాం. స్టెప్నీ బిగించి కారు కదిలేసరికి మీ అమ్మ చీర తడిసింది. నేను ఆ బిందెలో నీళ్ళే అనుకున్నాను. పెద్దావిడ చూసి, "వదినా, ఇది ఉమ్మనీరు" అంది.

ఇంటికి పోకుండా తెనాలిలో తిన్నగా ఆస్పత్రికే వెళ్ళాం. మర్నాడు పొద్దున పుట్టింది. నా అరచేతిలో పట్టేంత పిల్ల. గోళ్ళు కూడా సరిగ్గా రాలేదు. గాజుపెట్టెలో పెట్టాలి, అది గుంటూరులో ఉంది, అంతదూరం తట్టుకోదన్నారు డాక్టరమ్మ. ఏడో నెల పిల్లలు బతుకుతారని మా వైపు అంటారులే, ఆ మాట పట్టుకుని నేను దూదిలో చుట్టుకుని కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం అలా చూస్తుండగానే అయిపోయింది.

ఆస్పత్రి వరండాలో మా వియ్యంకుడు మీ తాతయ్యని అడిగారు, "ఏమైంది బావగారూ? మీ కారు ఆగిందంటేనే నమ్మరే ఎవరూ" అని.

ఆయన తలెత్తకుండా, "వెనక గాలి తక్కువైంది. చూసుకోలేదండి. నాదే తప్పు" అన్నారు.

జేబులో గేజి ఉంది. నేను పక్కనే ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. భయమేసింది తల్లీ. మా వియ్యపురాలు నా వైపు చూస్తోంది, రైల్లో తీసుకెళ్ళండని చెప్పిన మనిషి.

సాయంత్రం ఆయన గదిలోకి వస్తే మీ అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని అంది, "ఊరందరినీ ఎక్కించుకునే ముందు గాలి చూస్తావు గదా నాన్నా. నన్నెక్కించుకున్న ఒక్కరోజు చూళ్ళేకపోయావా?"

ఆయన బయటికెళ్ళారు. నేను మీ అమ్మ తల నిమురుతూ ఊరుకో అమ్మా, ఊరుకో అన్నాను.

ఇంటికొచ్చాక ఒకరోజు పెరట్లో ఉంటే అడిగాను, ఎందుకలా చెప్పారని. ఆయన చేతులకి ఇంకా కట్లున్నాయి.

"నువ్వు చెప్తానంటే చెప్పు, నేనేం ఆపను. కాకపోతే ఇప్పుడు దాని పక్కన పడుకునేది నువ్వు. నీ మీద కూడా దాని మనసు విరిగితే అదెవరి దగ్గరికెళ్ళి ఏడ్చిద్ది? ఒక్కళ్ళన్నా ఉండాలి కదే పిల్లకి."

"కొన్నాళ్ళాగి చెప్తాను" అన్నాను.

"సరే" అన్నారు.

ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ రాలేదు. మీ అమ్మ నా ఒళ్ళో పడుకుని ఏడ్చేది, నాన్నని నానా మాటలూ అనేది, నేను వినేదాన్ని. విని, "పోనీలే, కావాలని చేశాడా" అని ఆయన తరఫున క్షమాపణ చెప్పేదాన్ని. ఎంత సిగ్గులేని మాటో చూడు. ఆ తర్వాత అది మళ్ళీ ఆ కారెక్కలేదు. వస్తే రైల్లోనే వచ్చేది. నాన్నని నువ్వు అనే పిల్ల మీరు అనడం మొదలుపెట్టింది. "భోంచేయండి." "కాఫీ చల్లారిపోతుంది." వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు.

స్టాండులో కూడా ఆయన్ని జ్వరమెంతుందని అడగడం మానేశారు. పురుళ్ళకి ఆయన కారు ఎవరూ పిలవలేదు. నాలుగైదేళ్ళు అలాగే నడిపి అమ్మేశారు.

మీ నాన్నకి బాపట్ల బదిలీ అయ్యాక నువ్వు పుట్టావు. మీ అమ్మ పురిటికి తెనాలి రానంది. నేనే బాపట్ల వచ్చాను. నీ బారసాలకి మీ తాతయ్య రైల్లో వచ్చి వరండాలో కూర్చున్నారు. నిన్ను అందరి చేతుల్లోకీ ఇచ్చింది, ఆయన దగ్గరికి తేలేదు. పక్కింటావిడ తెలియక నిన్ను తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. మీ అమ్మ లోపల్నుంచి గబగబా వచ్చి, "పాల టైమైంది" అని తీసుకుంది. "అవునమ్మా, తీసుకెళ్ళు" అన్నారాయన. నేను గారెలు వేస్తున్నాను. వంటింటి గుమ్మంలోంచి అంతా చూశాను. చూసి మళ్ళీ గారెలు వేశాను.

నీకు ఏడేళ్ళప్పుడు ఆయన పోయారు. భోంచేసి మడత కుర్చీలో కూర్చున్నారు, మరి లేవలేదు. మీ అమ్మ వచ్చింది, చేయాల్సినవన్నీ చేసింది, ఏడవలేదు. అందరూ అది గట్టి మనిషన్నారు. నాకు తెలుసు ఎందుకు ఏడవలేదో.

ఆయన పోయిన మూడో నెలలో నన్ను బాపట్ల తీసుకొచ్చింది. ఒక మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుకుంటోంది. నువ్వు స్కూలుకెళ్ళావు. అప్పుడు చెప్పాను. మొదలుపెట్టాక ఆగలేదు. గేజి, అగ్గిపుల్ల, నా గొంతు, అన్నీ చెప్పాను. మీ అమ్మ బియ్యం ఏరడం ఆపలేదు. అంతా అయ్యాక, "నాన్న వద్దన్నాడా?" అంది. పదేళ్ళ తర్వాత నాన్న అంది.

"వద్దన్నారమ్మా. చాలాసార్లు వద్దన్నారు."

"ఆయన ఉండగా చెప్పాల్సింది" అంది. చేట పక్కన పెట్టి పెరట్లోకెళ్ళి, అప్పుడు ఏడ్చింది. నేను లేచి వెళ్ళబోతే, అక్కడ్నుంచే చెయ్యి అడ్డం పెట్టి రావద్దంది.

నన్ను అది ఒక్క మాట అనలేదు తల్లీ, ఇప్పటికీ. మందులిస్తుంది, అన్నం పెడుతుంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. నా ఒళ్ళో మాత్రం తల పెట్టలేదు మళ్ళీ.

అయితే ఒకటి చేస్తుంది. ఏ పనీ లేనప్పుడు వచ్చి నా మంచం మీద చివర కూర్చుంటుంది. "ఆ రోజు రేపల్లెలో నాన్న ఏమన్నాడో చెప్పు" అంటుంది. చెబుతాను. "ఎండలో ఉంది కదే అన్నాడా? కదిలించకూడదు అన్నాడా, తీయకూడదు అన్నాడా?" అని మాట మాటా అడుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంటుంది. నేనేమన్నానో అడగదు. నా మాటలు వచ్చేసరికి కిటికీలోకి చూస్తుంది.

నాకు ఈమధ్య మాటలు తారుమారైపోతున్నాయి. మొన్న అడిగితే ఆయన మాట ఒకటి గుర్తు రాలేదు, మీ అమ్మ మొహం చూడాల్సింది నువ్వు. అందుకే నిన్ను కూర్చోబెట్టాను. ఆయన అన్నవన్నీ సరిగ్గా పడ్డాయా? ఒకసారి చదువు. నావి కూడా ఉంచు, కొట్టేయకు.